నిర్ణయం తర్వాతి నాలుగేళ్లు

మా బాన్సువాడలో ఇంటర్ బైపీసీ చదివే ఏ అమ్మాయినైనా ‘ఏమవుతావమ్మా?’ అని అడిగి చూడండి. మన మాట పూర్తికాకముందే ‘డాక్టర్’ అంటుంది. ఎప్పుడు అనుకున్నావంటే దానికీ జవాబు సిద్ధంగా ఉంటుంది. నానమ్మకు పక్షవాతం వచ్చి రాత్రికి రాత్రి నిజామాబాద్ తీసుకుపోయినప్పుడనో, అక్క కాన్పు కష్టమై ఇంటిల్లిపాదీ ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడనో చెబుతుంది. తడబాటు మొదలయ్యేది మూడో ప్రశ్న దగ్గర. ‘అనుకున్న రోజు నుంచి ఈ రోజు దాకా ఏం చేశావు?’

తప్పు ఆ పిల్లది కాదు. వ్యక్తిత్వ వికాసం పేరుతో మనం వినే ఉపన్యాసాల్లో చప్పట్లన్నీ నిర్ణయం తీసుకున్న క్షణానికే పడతాయి. మర్నాడు పొద్దున్నుంచి మొదలయ్యే రోజుల ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే హాల్లో ఆవులింతలు వస్తాయి. చదవడం, ఆగడం, మళ్లీ చదవడం, ఇంట్లోవాళ్లకు సర్దిచెప్పడం... వేదిక మీద చెప్పడానికి ఇందులో ఏముంది? కానీ మనిషి తయారయ్యేది ఆ రోజుల్లోనే. ఈ మాటకు సాక్ష్యంగా ఒక కతోలిక సిస్టర్ కథ చెప్పాలి. పేరు మేరీ గ్లౌరీ. పుట్టింది ఆస్ట్రేలియాలో, బతుకంతా ధారపోసింది గుంటూరులో. 2013లో కతోలిక శ్రీసభ ఆమెను ‘దైవ సేవకురాలు’గా ప్రకటించింది. పునీతురాలిగా గుర్తించే సుదీర్ఘ విచారణలో అది తొలి మెట్టు.

మా వైపు వాళ్లకు చర్చి అనగానే మెదక్ చర్చే కళ్ల ముందు మెదులుతుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన ఆ గుడి కట్టించింది పోస్నెట్ దొర. అది ప్రొటెస్టెంట్ శాఖ అయిన మెథడిస్టు మిషన్ కట్టడం, ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారిది. గ్లౌరీది రోమన్ కతోలిక సంప్రదాయం. దివ్యబలిపూజ, జపమాల, యేసు తిరుహృదయ భక్తి, మఠవాసం అన్నీ ఉన్న దారి. పక్కపక్క ఊళ్లలో ఉంటూ కూడా ఈ తేడా మనలో చాలా మందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఆమె 1887 జూన్ 23న విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగుర్రాలో పుట్టారు. తొమ్మిది మంది పిల్లల్లో మూడో సంతానం. పెరిగింది వాచెం అనే చిన్న ఊళ్లో. వానలు తక్కువ, గోధుమ చేలు ఎక్కువ. అక్కణ్నుంచి స్కాలర్‌షిప్ మీద మెల్‌బోర్న్ చేరారు. యూనివర్సిటీలో మొదట చేరింది బీఏలో. తర్వాత వైద్యానికి మారి 1910లో పట్టా పుచ్చుకున్నారు. ఆడపిల్ల డాక్టర్ చదవడమే వింతగా ఉన్న కాలం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రిలో హౌస్ డాక్టర్‌గా చేసి, తిరిగొచ్చి మెల్‌బోర్న్ కంటి, చెవి ఆస్పత్రిలోనూ ఇతర ఆస్పత్రుల్లోనూ పనిచేశారు. కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు పెట్టారు. అది స్పెషలిస్టు డాక్టర్లు బోర్డులు కట్టే వీధి. ఆ రోజుల్లో అక్కడ గది దొరికిందంటే ఇక జీవితానికి ఢోకా లేదనే.

1915 అక్టోబరు 24, ఆదివారం. పూజ ముగిశాక ఒక చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాటిష్ డాక్టరమ్మ గురించి రాసింది. మెక్‌లారెన్ అరవై దాటాక కతోలిక మతంలోకి వచ్చి, డెబ్బై దాటాక ఇండియా ప్రయాణం కట్టి, రావల్పిండిలో ఆడవాళ్ల ఆస్పత్రికి పునాది వేసిన మనిషి. ఘోషాలో ఉండే స్త్రీలు మగ డాక్టర్‌కు చెయ్యి కూడా చూపించుకోరు, ఆడ డాక్టర్ ఉండదు, తల్లీబిడ్డా పోతారు. ఇదీ ఆమె లోకానికి చెప్పిన సంగతి. అది చదివి గ్లౌరీ మోకరించారు. తన చోటు ఇండియాలోనే అని అక్కడికక్కడే నిశ్చయించుకున్నారు. అప్పటికి వయసు 28.

ఉపన్యాసకులైతే కథ ఇక్కడ ఆపేసి మైకు కింద పెడతారు. అసలు సంగతి నాకు ఇక్కడ మొదలైనట్టు అనిపిస్తుంది. ఎందుకంటే ఆమె ఓడ ఎక్కింది 1920 జనవరిలో. మధ్యలో నాలుగేళ్లకు పైనే గడిచాయి.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. వెళ్లడం కుదరదు. ఇలాంటి అడ్డంకి వస్తే మనవాళ్లు రెండు రకాలుగా ఉంటారు. కొందరు ‘దేవుడు వద్దంటున్నాడు’ అని కలను మడిచి పెట్టెలో పెట్టేస్తారు. కొందరు ‘పరిస్థితులు బాగుపడనీ’ అంటూ ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చుంటారు. గ్లౌరీ ఆ రెండూ చేయలేదు. ఎంబీబీఎస్ ఉన్న డాక్టర్, ప్రాక్టీసు ఉన్న డాక్టర్ మళ్లీ పుస్తకాల ముందు కూర్చుని 1919 చివరికి ఎండీ పూర్తి చేశారు. ఏ విషయాల్లో అన్నది గమనించండి: ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం.

కాన్పుల్లో పోయే తల్లులు, శుక్లాలొచ్చి గోడలు పట్టుకుని నడిచే ముసలివాళ్లు. ఆ కాలపు తెలుగు పల్లెకు డాక్టర్ అవసరం ముందుగా ఎక్కడ పడేదంటే ఇక్కడే. మెల్‌బోర్న్‌లో డబ్బు తెచ్చే చదువేది అని ఆమె వెతకలేదు. వెళ్లబోయే చోట ఏ చదువు పనికొస్తుందో దానికి తగ్గట్టు తనను తాను మలుచుకున్నారు. ‘నేనేమవ్వాలి?’ అనే ప్రశ్నను ‘వాళ్లకేం కావాలి, అందులో నాకు రానిదేమిటి?’ అని తిప్పేస్తే చాలు, అప్పటిదాకా ఎటు నడవాలో తోచని మనిషికి మర్నాటి పని కళ్ల ముందు కనిపిస్తుంది. ‘డాక్టర్ అవుతాను’ అని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటే మార్కులు పెరగవు. ‘నాకు ఫిజిక్స్‌లో కరెంటు చాప్టర్ రాదు’ అని రాసుకుంటే పెరుగుతాయి.

ఆ నాలుగేళ్లలోనే ఇంకో పని పెట్టుకున్నారు. 1916లో మెల్‌బోర్న్‌లో కతోలిక మహిళల సంఘం ఒకటి మొదలైతే దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టడం, మీటింగు నడపడం, చందా వసూలు, పత్రికకు రాయడం, భిన్నాభిప్రాయాల మధ్య పని జరిపించడం... ఎండీ డాక్టర్‌కు ఇవన్నీ ఎందుకు అనిపిస్తుంది. ఇరవై ఏడేళ్ల తర్వాత గుంటూరులో ఆమె ఏం చేశారో తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. కాస్త ఆగండి, అక్కడికే వస్తున్నాను.

1920 ఫిబ్రవరి 12న గుంటూరులో దిగారు. జీసస్ మేరీ జోసఫ్ సభలో చేరారు. తెనాలి జేఎంజే కాలేజీ పేరు విన్నవాళ్లకు ఆ సభ తెలిసే ఉంటుంది. 1822లో హాలండ్‌లో పుట్టిన ఆ సభ సిస్టర్లు 1904 నుంచీ గుంటూరులో ఉన్నారు. కాలిన్స్ స్ట్రీట్‌లో బోర్డు కట్టిన స్పెషలిస్టు, ముప్పై రెండేళ్ల వయసులో మఠంలో కొత్తగా చేరిన అమ్మాయిగా నోవిషియేట్‌లో కూర్చున్నారు. చుట్టూ డచ్చి సిస్టర్లు. వచ్చే రోగులది తెలుగు. ఇంటి నుంచి తెచ్చుకున్న పేరు కూడా మారింది. ఇక మీదట సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. కొత్త ఉద్యోగంలో చేరగానే ‘నా సీనియారిటీ ఏమిటి, నన్ను ఎవరి కింద వేస్తున్నారు’ అని లెక్కలేసుకునే మనకు ఈ ఒక్క దృశ్యం గుర్తుంటే మేలు.

అసలు చిక్కు మరొకటి ఉంది. మఠంలో ఉన్నవాళ్లు వైద్యం చేయకూడదని అప్పట్లో కతోలిక శ్రీసభ చట్టం. డాక్టర్‌గా ఉండాలా, సిస్టర్‌గా ఉండాలా, ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే. ఆగ్నెస్ మెక్‌లారెన్ ఈ నిబంధన సడలించమని రోముకు మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టి, ఫలితం చూడకుండానే 1913లో కన్నుమూశారు. గ్లౌరీ విషయంలో పోప్ 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మఠకన్యగా ఉంటూ డాక్టర్‌గా పనిచేసిన తొలి వ్యక్తిగా కతోలికులు ఆమెను చెప్పుకునేది ఇందుకే. 1936లో రోము ఆ నిబంధననే సడలించింది. తర్వాత ఎందరో సిస్టర్లు డాక్టర్లయ్యారు.

‘రూల్స్ ఒప్పుకోవు’ అనే మాట మన ఆఫీసుల్లో రోజుకు ఎన్నిసార్లు వింటామో. విన్న వెంటనే గొడవకు దిగడం ఒక పద్ధతి, తల దించుకుని వెళ్లిపోవడం ఇంకో పద్ధతి. అడగడం అనేది మూడోది. రాతపూర్వకంగా, కారణం చెప్పి, మళ్లీ మళ్లీ అడగడం. అనుమతి వచ్చాక ఇచ్చినవాళ్లు చింతించనక్కర్లేకుండా పని చేసి చూపించడం. గ్లౌరీ కథలో నాకు నచ్చేది ఈ మూడోదే. విధేయత అంటే నోరు మూసుకోవడమని మనం అనుకుంటాం. సన్యాసంలో ఉన్నవాళ్లు కూడా అలా అనుకోలేదు చూడండి.

గుంటూరులో ఆమె ఒంటరి మార్గదర్శి అని రాస్తే అబద్ధమవుతుంది. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ 1883లోనే వచ్చి, 1898లో ఆడవాళ్ల ఆస్పత్రి తెరిచారు. కుగ్లర్ ఆస్పత్రి ఊరందరికీ తెలుసు. గ్లౌరీ వచ్చేనాటికి కుగ్లర్ ఇంకా పనిలో ఉన్నారు. ఇద్దరి సంఘాలు వేరు, పద్ధతులు వేరు. రోగులకు మాత్రం కొరత లేదు. సిస్టర్ల చిన్న డిస్పెన్సరీ గ్లౌరీ చేతి మీదుగా సెయింట్ జోసఫ్ ఆస్పత్రిగా ఎదిగింది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ చూసిన రోగుల లెక్క లక్షల్లోకి చేరింది.

లక్షల మందిని ఒక్క డాక్టరే చూడలేరు. అది ఆమెకు మొదట్లోనే అర్థమైంది. అందుకే స్థానిక అమ్మాయిలకు మందులు కలపడం, నర్సింగ్, మంత్రసాని పని నేర్పారు. ఇక్కడి ఆకులు, వేర్లతో చేసే మందుల్ని కూడా కొట్టిపారేయకుండా పరిశీలించారు. తన విద్యను పది చేతులకు పంచేయడం చాలామంది నిపుణులకు ఇష్టముండదు. నాకు తెలిసిన మేస్త్రీలు, వంటవాళ్లు, లెక్చరర్లు, అకౌంటెంట్లు కూడా చివరి కిటుకు ఒకటి దాచుకుంటారు. ‘నేను లేకపోతే ఇక్కడ పని నడవదు’ అనిపించుకోవడంలో ఒక రుచి ఉంది. ఆ రుచికి అలవాటుపడ్డవాళ్లు సెలవు కూడా పెట్టుకోలేరు.

నేర్పడం అంటే ఎలా ఉంటుందో బాన్సువాడలోనే చూడొచ్చు. ఇక్కడి మాతాశిశు ఆస్పత్రికి తల్లిపాలను ప్రోత్సహించినందుకు జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనక ఉండే పనిని దగ్గర్నుంచి చూస్తే అందులో పెద్ద యంత్రాలేమీ కనిపించవు. బిడ్డ పుట్టిన గంటలోపే పాలు పట్టించాలి. పక్కన అమ్మమ్మో నానమ్మో తేనె సీసా కొంగున కట్టుకుని నిలబడి ఉంటుంది. ముర్రుపాలు పసుపుపచ్చగా, చిక్కగా ఉంటాయని పిండి పారబోయమంటుంది. ఆమెతో పోట్లాడితే లాభం లేదు. ‘మీ కాలంలో ఎంతమందిని పెంచావమ్మా’ అని ముందు పలకరించాలి. ‘ఈ పాలే మొదటి టీకా’ అని ఓపికగా చెప్పాలి. బాలింతకు మోచేయి కింద దిండు పెట్టి, బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనేలా, పెదవి బయటికి తిరిగేలా పట్టుకోవడం చూపించాలి. మొదటిసారి కుదరదు. రెండోసారి కూడా కుదరకపోవచ్చు. బాలింత ఏడుస్తుంది, బిడ్డ ఇంకా గట్టిగా ఏడుస్తుంది, వార్డులో తర్వాతి మంచం వాళ్లు పిలుస్తుంటారు. స్టాఫ్ నర్సు కదలదు. ఆ కాస్తసేపు నిలబడటమే వృత్తి. బాన్సువాడలో ఇప్పుడు ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ కూడా ఉంది. ‘ఎంబీబీఎస్ సీటు రాలేదు కాబట్టి నర్సింగ్’ అని మొహం వేలాడేసుకుని చేరే పిల్లలు ఉంటే, గ్లౌరీ తన ఎండీతో పాటు నమ్ముకున్నది ఇలాంటి చేతులనే అని వాళ్లకు చెప్పాలనిపిస్తుంది.

ఇక విశ్వాసం సంగతి. ఇది దాటవేసి ఆమె గురించి రాయడం కుదరదు. ప్రార్థనతో ఆమె రోజు మొదలయ్యేది, దివ్యసత్ప్రసాదం ఆమెకు ఆహారం, రోగిలో క్రీస్తును చూడటం ఆమె అలవాటు. ఇవి కతోలికులకు చెప్పనక్కర్లేదు. ఇతరులు గమనించాల్సింది ఏమిటంటే ఆ విశ్వాసం చదువుకు బదులుగా ఎప్పుడూ నిలబడలేదు. మోకరించిన మనిషి లేచి లైబ్రరీకి వెళ్లారు. మన దగ్గర పరీక్షల ముందు బాసర వెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పెన్నులు పెట్టి పూజ చేయించుకొచ్చే పిల్లలు ఎంతమందో. మంచిదే. ఆ పెన్నులో సిరా ఇంటికొచ్చాక ఎన్ని రోజులకు అయిపోయిందన్నదే ప్రశ్న. గ్లౌరీ ప్రార్థన ఆమెకు ఒక పని చేసిపెట్టింది: ఎవరూ చూడని రోజుల్లో, ఎవరూ మెచ్చుకోని చదువులో, మనసు చెదరకుండా కూర్చోబెట్టింది. నాలుగేళ్ల ఎదురుచూపులో ‘ఇంకెన్నాళ్లు?’ అని అడిగే బంధువులకు ఏం జవాబు చెప్పాలో తెలియనప్పుడు మనిషి లోపల ఆనుకోవడానికి ఒక గోడ కావాలి. ఆమెకు ఆ గోడ దేవుడు. మీకేదో మీరే చూసుకోండి. ఏదీ లేకుండా మాత్రం లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్లో రెండో ఏడాది గడవడం కష్టం.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట. 1943 జులై 29న గుంటూరులో పదహారు మంది సిస్టర్లు కూర్చుని ఒక సంఘం పెట్టారు. దేశంలోని కతోలిక ఆస్పత్రులన్నీ ఎక్కడికక్కడ విడివిడిగా నలుగుతున్నాయి, కలిస్తే బలం అన్నది ఆలోచన. కూర్చోబెట్టింది గ్లౌరీ, తొలి అధ్యక్షురాలూ ఆమే. రెండో ప్రపంచ యుద్ధం నడుమ, 56 ఏళ్ల వయసులో. 1916లో మెల్‌బోర్న్ మహిళలతో నేర్చిన మీటింగులు, అర్జీలు, సర్దుబాట్లు అక్కరకొచ్చింది ఇక్కడే. ఎదురుచూసే రోజుల్లో చేతికందిన పనిని ‘ఇది నా లక్ష్యం కాదు’ అని తోసేసి ఉంటే ఈ పని ఆమెకు చేతనయ్యేదా అని నాకు అనుమానం. ఆ సంఘమే నేటి కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. 3,500కు పైగా సంస్థలు అందులో సభ్యులు. ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది, మనకు ఒక పూట బస్సు ప్రయాణం.

ఆ సంఘం ద్వారా ఒక మెడికల్ కాలేజీ రావాలని ఆమె కోరిక. చూడలేకపోయారు. క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు, 69 ఏళ్లకు. 1963లో అదే బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది. మెక్‌లారెన్ అడిగింది గ్లౌరీకి దొరికింది, గ్లౌరీ అడిగింది తర్వాతివాళ్లకు దొరికింది. తన జీవితకాలంలోనే అన్నీ తేలిపోవాలనే ఆత్రం ఉన్నవాళ్లకు ఈ లెక్క రుచించదు. నాకూ పూర్తిగా రుచించదు, నిజం చెప్పాలంటే. కానీ పెద్ద పనులన్నీ ఇలాగే జరిగాయి.

బైపీసీ పిల్లలకు ఒక చిన్న పని అప్పగిస్తాను. ఈ సెలవుల్లో ఒక పూట మీ దగ్గర్లోని సర్కారు దవాఖానాకు వెళ్లండి. ఓపీ రద్దీ తగ్గేదాకా ఆగి, డాక్టరమ్మనో స్టాఫ్ నర్సునో ‘మేడమ్, ఇలాంటి ఊళ్లలో ఏ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టం?’ అని అడగండి. గుండె డాక్టర్ అని మీరు అనుకుని వెళ్తారు. మత్తు డాక్టర్ అనొచ్చు. స్కానింగ్ తీసేవాళ్లనొచ్చు, పసిపిల్లల వార్డు చూసే నర్సులనొచ్చు. విన్నది విన్నట్టు రాసుకుని, దానికి ఏం చదవాలో, ఏ కాలేజీలో చదవాలో, మీకు ఇప్పుడు రాని సబ్జెక్టు ఏదో ఆ రాత్రే కనుక్కోండి. ఇంట్లో ‘ఇంకెన్నాళ్లమ్మా?’ అని నాన్న అడిగినప్పుడు ‘నాలుగేళ్లు నాన్నా, ఇదిగో ఏయే ఏడాది ఏం చేస్తానో’ అని కాగితం చూపించొచ్చు.